కంట్రోల్ లైన్ స్టంట్: ట్యాంకు సగమయ్యాక ఇంజిను లీన్ అవుతోంది. ఇంధనం మార్చాలా, ట్యాంకు మార్చాలా?

గగనవిహారి (హైదరాబాద్)

మిత్రులందరికీ నమస్కారం. చేతిలోని తీగలతో నా చుట్టూ తిప్పుతూ విన్యాసాలు చేయించే నా స్టంట్ నమూనా విమానానికి 46 సైజు, అంటే సుమారు 7.5 సీసీ, సాదా బుష్ ఉన్న (బాల్ బేరింగులు లేని) గ్లో ఇంజిను బిగించాను. తీగలు 60 అడుగులు, ప్రొపెల్లర్ 11x5 (వ్యాసం 11 అంగుళాలు; పిచ్, అంటే ఒక తిరుగుడుకు ముందుకు సాగే దూరం, 5 అంగుళాలు). తగరపు రేకుతో నేనే అతికి చేసుకున్న 150 మిల్లీలీటర్ల యూనిఫ్లో ట్యాంకు వాడుతున్నాను. ఇంధనంలో 75 పాళ్లు మిథనాల్, 20 పాళ్లు ఆముదం, 5 పాళ్లు నైట్రోమీథేన్ ఉంటాయి. నిటారుగా ఎగిరేటప్పుడు ఒక చుట్టుకు 5.2 సెకన్లు, తలకిందులుగా ఎగిరేటప్పుడు 5.5 సెకన్లు పడుతోంది. ఔట్‌సైడ్ లూపుల్లో ఇంజిను నీరసిస్తోంది. హారిజాంటల్ ఎయిట్లు మొదలయ్యే వేళకు ఫోర్-స్ట్రోక్ శబ్దం పూర్తిగా పోయి, ఏకధాటిగా టూ-స్ట్రోక్‌లోనే ఉండిపోతోంది. ఓవర్‌హెడ్ ఎయిట్‌కు వచ్చేసరికి విమానం ఎంత వేగం అందుకుంటోందంటే, మూలలు సరిగా తిప్పడం నా చేతికి సాధ్యం కావడం లేదు. నీడిల్ (ఇంజినుకు వెళ్లే ఇంధనాన్ని సర్దే సూది) కొంత తెరిస్తే చివరి విన్యాసాలు బాగుంటున్నాయి కానీ, మొదటి రివర్స్ వింగోవర్‌కే శక్తి చాలడం లేదు. లోపం ఇంధనంలో ఉందా, ట్యాంకులో ఉందా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

విశాఖ పాత క్యాడెట్

గగనవిహారి గారూ, మీరు ఒకే సమస్యగా చెప్పినవి నిజానికి రెండు వేర్వేరు సమస్యలని నా అభిప్రాయం. నిటారుకూ తలకిందులకూ వేగం తేడా రావడం ఒకటి, సమయం గడిచేకొద్దీ లీన్ కావడం, అంటే మిశ్రమంలో ఇంధనం తగ్గడం, రెండోది. మొదటిది ట్యాంకు ఎత్తుకు సంబంధించినది. రెండోదానికి కారణం ట్యాంకు లోపలి గాలి గొట్టం కావచ్చు, ఇంధనంలోని నూనె కావచ్చు, రెండూ కలిసి కూడా కావచ్చు. రెండింటినీ ఒకేసారి నీడిల్‌తో సరిచేయాలని చూస్తే ఏదీ సరికాదు.

కొత్తగా చదువుతున్న వారి కోసం ఒక మాట. స్పీడ్ విమానానికి గరిష్ఠ శక్తి కావాలి. స్టంట్ విమానానికి కావలసింది, ముక్కు ఎటు తిరిగినా మారని వేగం. అందుకే స్టంట్ ఇంజినును కావాలనే రిచ్‌గా ఉంచుతాము. మట్టంగా ఎగిరేటప్పుడు మిశ్రమంలో ఇంధనం ఎక్కువై, ప్రతి చుట్టుకూ మండవలసిన ఇంజిను రెండు చుట్లకొకసారి మండుతుంది. ఫోర్-స్ట్రోక్ శబ్దం అంటే ఇదే. ముక్కు పైకి లేచి భారం పెరగగానే ఇంజిను చుట్లు కాస్త తగ్గి, మిశ్రమం కొంత పలచబడి, ఇంజిను టూ-స్ట్రోక్‌లోకి మారి అదనపు శక్తిని ఇస్తుంది. ముక్కు దిగగానే తిరిగి ఫోర్-స్ట్రోక్‌లోకి రావాలి. 1940ల చివర్లో అమెరికాలో తయారైన ఫాక్స్ 35 ఇంజిను ఈ గుణానికే పేరు తెచ్చుకుంది. జార్జ్ ఆల్డ్రిచ్ రూపొందించిన నోబ్లర్ వంటి విమానాలు ఆ నడక మీదే ఆధారపడి ఎగిరాయి. మీ ఇంజిను టూ-స్ట్రోక్‌లోకి వెళ్లగలుగుతోంది, వెనక్కి రాలేకపోతోంది. మనం పట్టుకోవలసిన కొస అదే.

టెక్సస్ తెలుగు

పాత క్యాడెట్ గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ట్యాంకు సంగతిని కొన్ని అంకెలతో వివరిస్తాను, ఎందుకంటే ఇక్కడ పనిచేసే బలాలు మనం ఊహించేదానికంటే చాలా పెద్దవి.

60 అడుగుల తీగలకు మీ చేతి పొడవు కలిపితే వృత్త వ్యాసార్ధం దాదాపు 19 మీటర్లు. చుట్టుకు 5.2 సెకన్లంటే వేగం సెకనుకు 23 మీటర్లు, అంటే గంటకు 83 కిలోమీటర్ల దగ్గర. ఆ లెక్కన ట్యాంకులోని ఇంధనాన్ని వృత్తం బయటి వైపుకు నెట్టే బలం గురుత్వాకర్షణకు దాదాపు 2.8 రెట్లు ఉంటుంది. మట్టంగా ఎగిరినంత సేపూ ఇంధనం ట్యాంకు బయటి గోడకు అతుక్కుని నిలబడి ఉంటుందన్నమాట. సాధారణ గాలి గొట్టం ఉన్న ట్యాంకు 50 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకోండి. నిండు ట్యాంకుకూ ఖాళీ ట్యాంకుకూ మధ్య ఇంజినుకు అందే పీడనంలో తేడా, మామూలు నేల మీద 140 మిల్లీమీటర్ల ఎత్తున్న ఇంధన స్తంభం ఇచ్చే పీడనంతో సమానం. వెంచురీ (ఇంజిను గాలి పీల్చే ఇరుకు దారి) పీల్చే బలం తక్కువగా ఉండే స్టంట్ ఇంజినుకు అది చాలా పెద్ద తేడా. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ మిశ్రమం లీన్ కావడం తప్పదు.

యూనిఫ్లో ట్యాంకు ఈ తేడాను తొలగిస్తుంది. అందులో గాలి గొట్టం చివర, ఇంధనం పీల్చే గొట్టం చివరకు దగ్గరగా, బయటి గోడ పక్కనే ఉంటుంది. గాలి ఆ చివర నుంచే బుడగలుగా లోపలికి వస్తుంది కనుక ఆ స్థానంలో పీడనం ఎప్పుడూ బయటి గాలి పీడనమే. ట్యాంకులో ఎంత ఇంధనం ఉన్నా ఇంజినుకు తెలిసే మట్టం మారదు. అయితే దీనికి రెండు షరతులు ఉన్నాయి. ఇంధనం నింపాక పొంగుగొట్టానికి మూత తప్పనిసరిగా పెట్టాలి. ట్యాంకు లోపల గాలి గొట్టానికి ఎక్కడా చిన్న రంధ్రం కూడా ఉండకూడదు. గొట్టం మధ్యలో సూదిమొనంత రంధ్రం ఉన్నా గాలి అక్కడి నుంచే దూరి, మీ యూనిఫ్లో ట్యాంకు సాధారణ ట్యాంకులాగే పనిచేస్తుంది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా అదే. ట్యాంకును విప్పి నీళ్లలో ముంచి, ఒక గొట్టం తప్ప మిగతావన్నీ మూసి, సిరంజితో గాలి ఎక్కించి చూడండి. ఇది బయటి అతుకుల్లో లీకును మాత్రమే పట్టిస్తుంది. లోపలి గొట్టాన్ని పరీక్షించాలంటే, ట్యాంకును సగం నింపి, బయటి గోడ కిందికి వచ్చేలా పట్టుకుని, గాలి గొట్టంలోకి నెమ్మదిగా ఊదండి. మొదటి బుడగలు అడుగున ఉన్న చివర నుంచే రావాలి.

ఇక ఎత్తు సంగతి. మీ విమానం తలకిందులుగా ఉన్నప్పుడు నెమ్మదిస్తోంది, అంటే అప్పుడు రిచ్ అవుతోంది. స్ప్రేబార్‌తో (వెంచురీలో ఇంధనాన్ని వదిలే సన్నని గొట్టంతో) పోలిస్తే ట్యాంకు కిందికి ఉందని దీని అర్థం. నిటారుగా ఉన్నప్పుడు ఇంధనం పైకి ఎక్కవలసి వచ్చి లీన్ అవుతుంది, తలకిందులైతే పైనుంచి దిగి రిచ్ అవుతుంది. ట్యాంకు కింద మిల్లీమీటరున్నర మందం గల పలుచని చెక్క పెట్టి పైకి లేపండి. ఇంత చిన్న తేడా సరిపోతుందా అనిపించవచ్చు. సుమారు 7 మీటర్ల వ్యాసార్ధం గల లూపులో ఇదే వేగానికి బలం 7 రెట్లు దాటుతుంది, చదరపు లూపుల మూలల్లో ఇంకా ఎక్కువ. మట్టంగా ఎగిరేటప్పుడు కనిపించని తేడా అక్కడ బయటపడుతుంది. మీ ఔట్‌సైడ్ లూపుల్లో ఇంజిను నీరసించడానికి కారణం ఇదే. అందుచేత ఎత్తును సరిచేసేటప్పుడు చుట్ల సమయాన్ని మాత్రమే చూడకుండా, వరుసగా మూడు ఇన్‌సైడ్, మూడు ఔట్‌సైడ్ లూపులు చేసి శబ్దాన్ని పోల్చుకోండి.

నీడిల్ వాల్వ్

ట్యాంకు పరీక్షను నేను కాదనను, కానీ ఇంధనాన్ని కూడా వదిలిపెట్టవద్దని కోరుతున్నాను. సాదా బుష్ ఉన్న ఇంజినుకు 20 శాతం నూనె తక్కువ. స్టంట్‌లో ఇంజిను నిరంతరాయంగా ఐదారు నిమిషాలు భారం మీద నడుస్తుంది. దాని చుట్టూ గాలి ప్రవాహం కూడా రేడియో విమానాలతో పోలిస్తే పరిమితమే. ఒకసారి వేడెక్కి టూ-స్ట్రోక్‌లోకి వెళ్లాక ఆ వేడి వల్లే మరింత లీన్‌గా ప్రవర్తించి వెనక్కి రాదు. పాత ఫాక్స్ ఇంజిన్లకు 28 శాతం దాకా, అదీ మొత్తం ఆముదమే వాడేవారు. మీ ఇంజినుకు 25 శాతం చాలు. అందులో సగం ఆముదం, సగం సింథటిక్ అయితే ఇంకా మంచిది. పూర్తిగా ఆముదమే వాడితే పిస్టన్ మీద, సిలిండర్ పైభాగాన గోధుమరంగు వార్నిష్ పేరుకుంటుంది. రింగు ఉన్న ఇంజినులో రింగు పట్టేసే ప్రమాదం కూడా ఉంది.

విశాఖ పాత క్యాడెట్

నూనె పెంచాలన్న మాటతో ఏకీభవిస్తాను. కానీ వార్నిష్‌కు భయపడి ఆముదాన్ని తగ్గించమనడం వద్ద మాత్రం విభేదిస్తున్నాను. సింథటిక్ నూనె చాలా శుభ్రంగా ఉంటుంది. అయితే ఇంజిను ఒక్కసారి లీన్ అయి అతిగా వేడెక్కితే చాలా సింథటిక్ నూనెలు ఆ వేడికి నిలవవు. ఆముదం ఆ దశలో కూడా లోహం మీద పొరను నిలుపుతుంది. వార్నిష్ ఏర్పడేది ఆ గుణం వల్లనే. స్టంట్‌లో లీన్ పరుగు ఎప్పుడైనా రావచ్చు, గాలిలో ఉన్నప్పుడు మనం నీడిల్‌ను ముట్టుకోలేము. వార్నిష్‌ను తరువాత తీరిగ్గా కడగవచ్చు. విప్పిన భాగాలను కారు రేడియేటర్‌కు వాడే గ్లైకాల్ కూలెంట్‌లో సన్నని వేడి మీద కొన్ని గంటలు ఉంచితే అది మెత్తబడి ఊడిపోతుంది. కూలెంట్ విషం కనుక ఆ పాత్రను మళ్లీ వంటకు వాడకూడదు. పిస్టన్, సిలిండర్ గీసుకుపోతే మాత్రం కడిగేందుకు ఏమీ మిగలదు.

మేము ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్న కాలంలో కంట్రోల్ లైన్ ఎగిరించినది ఎక్కువగా చిన్న డీజిల్ ఇంజిన్లతోనే. ఈథర్, కిరోసిన్, ఆముదం మూడో వంతు చొప్పున కలిపేవాళ్లం. అంతటి నూనెతో నడిచిన ఇంజిన్లు ఏళ్ల తరబడి చేతులు మారినా కంప్రెషన్ పోగొట్టుకోలేదు. వాయు సైనిక్ క్యాంపుకు తయారయ్యే ఇప్పటి క్యాడెట్లు నూనెను తగ్గించి శక్తి పెంచాలని చూడటం నాకు బాధ కలిగిస్తుంది.

పాలెం రైతుబిడ్డ

నేను విమానాలకు కొత్త, ఆముదానికి మాత్రం పాతవాణ్ణి. మా ఇంట్లో తరతరాలుగా ఆముదం పంట ఉంది. ఇక్కడ పాలెంలో వ్యవసాయ పరిశోధన స్థానం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ ఈ పంట మీద పనిచేస్తున్నాయి. నా ప్రశ్న ఏమిటంటే, ఇంట్లో గింజలు వేయించి, దంచి, నీళ్లు పోసి కాచి తీసే ఆముదాన్ని ఇంజినుకు వాడవచ్చా? లేక గానుగ ఆముదమే కావాలా?

విశాఖ పాత క్యాడెట్

మంచి ప్రశ్న అడిగారు. కాచిన ఆముదం వద్దండి. అందులో నీటి శేషం, జిగురు పదార్థాలు మిగిలిపోతాయి. జిగురు నీడిల్ వద్ద, ట్యాంకు జల్లెడ వద్ద చేరుతుంది, మండినప్పుడు వార్నిష్‌ను రెట్టింపు చేస్తుంది. వేడి తగలకుండా మొదటి ఒత్తిడిలో తీసి, జిగురు తొలగించి, వడగట్టిన నూనె కావాలి. బజారులో ఫస్ట్ స్పెషల్ గ్రేడ్ అనీ, మందులకు వాడే ఫార్మా గ్రేడ్ అనీ అమ్మేవి ఇందుకు పనికివస్తాయి. రంగుల పరిశ్రమ కోసం నీటి అణువులు తొలగించి తయారుచేసే డీహైడ్రేటెడ్ ఆముదం ఉంటుంది, పొరపాటున కూడా అది కొనవద్దు. అది ఆరిపోయి పొర కట్టే గుణం కలది. కొన్న ఆముదాన్ని కొంచెం మిథనాల్‌లో కలిపి, గాజు సీసాలో రాత్రంతా ఉంచి చూడండి. ఉదయానికి మబ్బు పట్టకుండా, అడుగున ఏమీ పేరుకోకుండా ఉంటే వాడుకోవచ్చు.

టెక్సస్ తెలుగు

కలిపేటప్పుడు పాళ్లను ఘనపరిమాణంలోనే కొలవాలి. తూకంతో కలపాలనుకునేవారు సాంద్రతలు గుర్తుంచుకోండి. మిథనాల్ లీటరు 790 గ్రాములు, ఆముదం 960 గ్రాములు, నైట్రోమీథేన్ 1,140 గ్రాముల దగ్గర ఉంటాయి. లీటరు ఇంధనంలో 700 మిల్లీలీటర్ల మిథనాల్, 250 మిల్లీలీటర్ల ఆముదం, 50 మిల్లీలీటర్ల నైట్రో కావాలంటే సుమారు 553, 240, 57 గ్రాములు తూచాలి.

జాగ్రత్త కూడా చెప్పాలి. మిథనాల్ విషం, చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. దాని మంట పగటి వెలుగులో కంటికి కనిపించదు. చేతి తొడుగులు వేసుకుని, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా కలపండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక డబ్బాను సగం ఖాళీగా, మూత వదులుగా వదిలిపెట్టకండి.

కొత్త పైలట్ (విజయవాడ)

పెద్దలకు నమస్కారం. మా దగ్గర నైట్రోమీథేన్ దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. అసలు నైట్రో లేకుండా స్టంట్ ఎగిరించవచ్చా? వేసవిలో ఎండకు ఇంజిను నీరసపడితే నైట్రో పెంచడమే మార్గమా?

టెక్సస్ తెలుగు

నిస్సందేహంగా ఎగిరించవచ్చు. స్పీడ్ పోటీ అయిన ఎఫ్2ఎలో 80 పాళ్లు మిథనాల్, 20 పాళ్లు ఆముదం తప్ప మరేమీ కలపకూడదని నియమమే ఉంది, ఆ ఇంజిన్ల వేగం మీకు తెలిసినదే. మిథనాల్ మండడానికి తన బరువుకు ఆరున్నర రెట్ల గాలి కావాలి. నైట్రోమీథేన్‌కు 1.7 రెట్లు చాలు, ఎందుకంటే ఆక్సిజన్‌ను తనలోనే తెచ్చుకుంటుంది. అంటే అదే గాలితో ఎక్కువ ఇంధనాన్ని మండించగలము, నీడిల్‌ను కూడా ఎక్కువ తెరవాలి, ఇంధనం త్వరగా అయిపోతుంది. స్టంట్‌లో 5 నుంచి 10 శాతం నైట్రో ఇచ్చే అసలు లాభం శక్తికంటే నిలకడ. నీడిల్ అంత సున్నితంగా ఉండదు, వాతావరణం మారినా నడక అంతగా చెదరదు. నైట్రో లేకపోతే నీడిల్‌ను మరింత శ్రద్ధగా, ప్రతి పూటా తిరిగి సరిచూడవలసి ఉంటుంది, అంతే తేడా.

వేసవి సంగతికి వస్తే, హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. అదే ఉష్ణోగ్రత వద్ద విశాఖతో పోలిస్తే గాలి 5 నుంచి 6 శాతం పలుచన. అయితే తీరప్రాంతంలో 35 డిగ్రీల ఎండ, 70 శాతం తేమ ఉన్న రోజున నీటి ఆవిరే గాలిలో దాదాపు 4 శాతం స్థలాన్ని ఆక్రమిస్తుంది. అంటే విజయవాడలో ఉక్కపోతగా ఉన్న మధ్యాహ్నం మీ ఇంజిను దాదాపు హైదరాబాద్‌లో ఉన్నట్టే ఊపిరి పీలుస్తుంది. గాలిలో ఆక్సిజన్ తగ్గినప్పుడు మొదట చేయవలసింది నీడిల్‌ను కొద్దిగా మూయడం. అప్పటికీ చాలకపోతే ప్రొపెల్లర్ వ్యాసాన్ని పావు అంగుళం తగ్గించడం. నైట్రో పెంచడం ఆ తరువాతి మాట.

నీడిల్ వాల్వ్

వెంచురీని మరచిపోయారు. రేడియో విమానం కార్బురేటర్‌ను తీసి, పెద్ద రంధ్రం గల వెంచురీ పెట్టి స్టంట్‌కు వాడేవారు చాలామంది ఉన్నారు. పీల్చే బలం తగ్గి, ట్యాంకులోని ప్రతి చిన్న మార్పూ ఇంజినులో కనిపిస్తుంది. 7 మిల్లీమీటర్ల వెంచురీలో 4 మిల్లీమీటర్ల స్ప్రేబార్ అడ్డంగా ఉంటే మిగిలే దారి సుమారు 12 చదరపు మిల్లీమీటర్లు. వెంచురీని 6.5కు తగ్గిస్తే మిగిలేది 9 మాత్రమే. అర మిల్లీమీటరు తేడాకు పావు వంతు దారి మూసుకుపోతుంది. గగనవిహారి గారు తమ వెంచురీ కొలత కూడా చెబితే బాగుంటుంది.

గగనవిహారి (హైదరాబాద్)

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ట్యాంకును మీరు చెప్పిన విధంగా పరీక్షించాను. బుడగలు అడుగు నుంచి కాక, గాలి గొట్టం ముందు గోడను దాటే అతుకు వద్ద లోపలి వైపు నుంచి వచ్చాయి. అతుకు కింద గొట్టానికి సన్నని పగులు ఉంది. కొత్త రాగి గొట్టం వేసి, మళ్లీ అతికి, ట్యాంకును మిల్లీమీటరున్నర పైకి లేపాను. ఇంధనంలో ఆముదాన్ని 25 పాళ్లకు పెంచాను. ఇప్పుడు నిటారుగా 5.3, తలకిందులుగా 5.3 సెకన్లు వస్తున్నాయి, మొదటి చుట్టుకూ చివరి చుట్టుకూ తేడా పదో వంతు సెకను లోపే. వెంచురీ 6.8 మిల్లీమీటర్లు, దాన్ని మార్చలేదు. ఇంజిను ఫోర్-స్ట్రోక్‌కు తిరిగి వస్తోంది. కాని రెండింటి మధ్య మార్పు చాలా గట్టిగా, ఒక్కసారిగా వస్తోంది. చదరపు లూపు మొదటి మూలలో విమానం ముందుకు దూకినట్టు అవుతోంది. దీన్ని మెత్తబరచే మార్గం ఉందా?

విశాఖ పాత క్యాడెట్

చాలా సంతోషం. ఇక మిగిలింది కంప్రెషన్, ప్లగ్, ప్రొపెల్లర్. సిలిండర్ తల కింద 0.2 మిల్లీమీటర్ల అదనపు గాస్కెట్ వేస్తే కంప్రెషన్ కొద్దిగా తగ్గి మార్పు మెత్తబడుతుంది. ముందుగా మాత్రం ప్లగ్‌ను మార్చి చూడండి, అది తక్కువ శ్రమ. ప్లగ్‌లోని ప్లాటినం తీగ మిథనాల్ ఆవిరితో చర్య జరిపి తనంతట తానే వేడిగా నిలబడుతుంది. తీగ పాతబడి తెల్లగా, గరుకుగా మారితే ఆ చర్య మందగించి మార్పులు గతి తప్పుతాయి. ఒక్కో ప్రయోగంలో ఒక్కటే మార్చండి, మార్చినది రాసిపెట్టుకోండి.

టెక్సస్ తెలుగు

ప్రొపెల్లర్ విషయంలో ఒక సూచన. పిచ్ పెరిగేకొద్దీ ఇంజిను తక్కువ చుట్లతో, ఫోర్-టూ మార్పు మీద ఆధారపడి నడుస్తుంది. 6 అంగుళాల పిచ్‌తో నేల మీద 8,500 నుంచి 9,000 ఆర్‌పీఎం వద్ద వదలడం పాత పద్ధతి. 4 అంగుళాల దగ్గరి పిచ్‌తో, పెద్ద వ్యాసంతో, 10,000 పైన చుట్లతో, దాదాపు స్థిరంగా తడి టూ-స్ట్రోక్‌లోనే (కొంచెం రిచ్‌గా ఉండే టూ-స్ట్రోక్‌లో) నడపడం తరువాత వచ్చిన పద్ధతి. ట్యూన్డ్ పైపులు (ఇంజినుకు తగినట్టు పొడవు కుదిర్చిన పొగగొట్టాలు) వచ్చాక ఇదే బలపడింది, ఇప్పుడు విద్యుత్ మోటార్ల చుట్లను స్థిరంగా ఉంచే గవర్నర్ చేసే పని కూడా అదే. తక్కువ పిచ్ ఉన్న ప్రొపెల్లర్ ముక్కు దిగినప్పుడు బ్రేకులా పనిచేస్తుంది కనుక ఇంజిను మారవలసిన అవసరం తగ్గుతుంది. మీ 11x5 ఈ రెండింటికీ మధ్యలో ఉంది. 12x4 తెచ్చి, నీడిల్‌ను కొత్తగా సరిచేసుకుని చూడండి. మీ 46 ఇంజినుకు ఆ భారం లాగే శక్తి ఉంది.

గగనవిహారి (హైదరాబాద్)

12x4 తెప్పిస్తున్నాను. ఒక చివరి సందేహం. ఇంజిను చుట్లు పెరిగితే ఇంధనం ఎక్కువ కావాలి కదా, 150 మిల్లీలీటర్లు చాలుతాయా? క్లోవర్ లీఫ్ మధ్యలో ఇంజిను ఆగితే ఆ విన్యాసం మార్కులు పోతాయి, దింపేటప్పటికీ ఆగకపోతే సమయం దాటుతుంది.

నీడిల్ వాల్వ్

ట్యాంకు నింపి ఎగిరించకండి, సిరంజితో కొలిచి పోయండి. స్టంట్ పోటీ అయిన ఎఫ్2బిలో మొత్తం సమయం 7 నిమిషాలు, అందులోనే స్టార్టు చేయడం, దింపడం కూడా. మొదటిసారి ట్యాంకు పట్టినంత పోసి, విన్యాసాలన్నీ పూర్తి చేసి, ఇంజిను తనంతట తాను ఆగేదాకా మట్టంగా ఎగిరించండి. క్లోవర్ లీఫ్ తరువాత ఎన్ని చుట్లు తిరిగిందో సహాయకుడిని లెక్కపెట్టమనండి. తరువాతి సారి 5 మిల్లీలీటర్లు తగ్గించండి. విన్యాసాలు ముగిశాక నాలుగైదు చుట్లలో ఆగేటట్టు కొలత కుదిరితే చాలు. ఉదయపు చల్లదనంలో కుదిరిన కొలత మధ్యాహ్నానికి సరిపోదు. ఆముదం వేడికి పలుచబడుతుంది, నీడిల్ స్థానం మారుతుంది, ఖర్చు కూడా మారుతుంది. అందుకే పూటకొక కొలతను డబ్బా మీదే రాసి ఉంచండి.